బియ్యం సంచి ముక్క

ఆ చలికాలం మా అమ్మాయి బడిలో తుపాకీ ఉన్న మనిషిని పెట్టాలా వద్దా అని మీటింగ్ జరిగింది. అప్పుడు డెట్రాయిట్ శివార్లలో ఉండేవాళ్ళం, అమ్మాయి ఒకటో తరగతి. ఎక్కడో ఇంకో రాష్ట్రంలో ఒక బడిలో కాల్పులు జరిగాయి, ఇక్కడి తల్లిదండ్రులకి నిద్ర పట్టడం మానేసింది. రిటైరైన పోలీసులని బడికొకరిని తుపాకీతో సహా నిలబెడతామని బోర్డు వాళ్ళ ప్రతిపాదన. పిల్లల మధ్య తుపాకీ ఏమిటని కొందరు గంటసేపు వాదించారు. మనవాళ్ళం వెనక వరసలో కూర్చుని నోరు మెదపలేదు గానీ, చేతులెత్తమన్నప్పుడు అందరికంటే ముందు ఎత్తాం. నేనూ ఎత్తాను.

వచ్చినాయనకి అరవై దాటాయి. నెరిసిన మీసం, కుడి మోకాలు సరిగా వంగదు. యూనిఫారం లేదు, మామూలు ప్యాంటు, నడుముకి తుపాకీ. మా అమ్మాయికి పెద్దవాళ్ళంతా అంకుల్సే కాబట్టి ఆయన్నీ ‘ఆఫీసర్ అంకుల్’ అంది. వారం తిరక్కుండా క్లాసంతా అలాగే పిలవసాగింది. ఆయన వద్దనలేదు.

నా గొడవ వేరు. మా అమ్మాయి నెయ్యి గడ్డకట్టిన పప్పన్నం ముట్టదు. ఫ్లాస్కులో పెట్టి పంపితే ముద్దయిపోయిందని అదీ ముట్టదు. అందుకని రోజూ లంచ్ టైముకి వేడివేడిగా డబ్బాలో పట్టుకెళ్ళేదాన్ని. లంచ్‌రూమ్‌లో వాలంటీర్‌ని కాబట్టి ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ముందు గుమ్మంలోంచి వెళ్ళాలంటే బెల్లు కొట్టాలి, ఐడీ చూపించాలి, సంతకం పెట్టాలి, స్టిక్కర్ అంటించుకోవాలి. పిల్లల లంచే ఇరవై నిమిషాలు. ఆటస్థలం వైపు ఒక పక్క తలుపుంది, అది లోపలి నుంచే తెరుచుకుంటుంది. సెప్టెంబరులోనే దాని గడియ పడే కన్నంలో బియ్యం సంచి ముక్క కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి కుక్కాను. సోనామసూరి వచ్చే తెల్లటి ప్లాస్టిక్ నేత సంచి. తలుపు మూసినట్టే కనిపించేది, లాగితే వచ్చేసేది. నా తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

తుపాకీకి చెయ్యెత్తిన రోజున కూడా ఆ ముక్క అక్కడే ఉంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు.

ఆయన వచ్చిన రెండో వారంలో అది దొరికింది. లంచ్‌రూమ్‌కి తెచ్చి మా వాలంటీర్లందరికీ చూపించారు. ఎవరిదో తెలుసా అని అడిగారు. తల నిదానంగా అడ్డంగా ఊపాను.

మంచు కరగడానికి చల్లే ఉప్పు కూడా అలాంటి తెల్ల సంచుల్లోనే వస్తుంది. చల్లేది బడి శుభ్రం చేసే జానిటరమ్మ. ఆ తలుపు బయటే నిలబడి ఆవిడ సిగరెట్ కాల్చుకుంటుందని అందరికీ తెలుసు. లోపలికి మళ్ళీ రావడానికి ఆవిడే పెట్టుకుందని ఆయన లెక్క వేశారు. సిగరెట్ విషయంలో ఇప్పటికే ఒక నోటీసు ఉందనీ, ఇది రెండోదైతే ఉద్యోగం పోతుందనీ పక్కనున్న వాలంటీర్ నా చెవిలో చెప్పింది.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను.

“నువ్వు ఇన్వాల్వ్ అవ్వకు. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. పోలీస్ రిపోర్ట్‌లో నీ పేరు పడితే ఎవరు ఫేస్ చేస్తారు?” అన్నాడు.

“ఆయన రిటైరయ్యాడు కదా?”

“రిటైరైతే పోలీసు కాకుండా పోతాడా?”

తప్పు మా ఆయన మీదకి నెట్టను. ఆ మాట అనిపించుకోవడానికే అడిగాను. నాలుగు రోజులు ఆ మాట పట్టుకునే గడిపాను.

సోమవారం బడి నుంచి వచ్చి అమ్మాయి కోటు విప్పకుండా నిలబడింది. “జానిటర్ ఆంటీ రాలేదు అమ్మా. నా జిప్ స్టక్ అయితే ఆంటీనే ఫిక్స్ చేస్తుంది.” ఆ జిప్పు రోజూ పట్టేస్తుందనీ, దాన్ని సరిచేసేది ఆవిడేననీ నాకు అప్పుడే తెలిసింది. సిగ్గేసింది.

మర్నాడు ముందు గుమ్మంలోంచి వెళ్ళాను. మూల కత్తిరించి ఉన్న ఖాళీ బియ్యం సంచిని ఆఫీసర్ గారి బల్ల మీద పరిచాను. ఆయన సొరుగులోంచి ముక్క తీసి, మడతలు విప్పి, ఆ మూలలో పెట్టి చూశారు. సరిపోయింది.

“ఆవిడని శుక్రవారమే పంపేశారు” అన్నారు.

ఆయన ఆ ముక్కని మళ్ళీ నాలుగు మడతలు పెట్టారు.

“మూడుసార్లు అడిగాను. నాది కాదంది. చూసి కూడా తియ్యలేదని మాత్రం ఒప్పుకుంది. ఎవరిదని అడిగితే, ఎవరో పిల్ల తల్లిదంది, పేరు చెప్పనంది. ముప్పై ఏళ్ళుగా అలాంటి మాటలు వింటున్నాను. నమ్మలేదు.”

ఆవిడకి తెలుసు. రోజూ ఆ తలుపులోంచి డబ్బాతో దూరే నన్ను చూస్తూనే ఉంది. నేను ఆవిడకి నమస్కారం లాంటిది కూడా ఎప్పుడూ పెట్టలేదు.

ఆయన నా ఎదురుగానే రిపోర్టు మళ్ళీ రాశారు. నా పేరు స్పెల్లింగు రెండుసార్లు అడిగారు. మేం భయపడినట్టు కేసూ లేదు, రికార్డూ లేదు. వాలంటీరు పని నుంచి తీసేశారు, అంతే. ఆవిడకి మళ్ళీ రమ్మని ఉత్తరం వెళ్ళింది. రాలేదు. ఏదో షాపులో చేరిందన్నారు. ఏ షాపని నేను అడగలేదు.

ఆ ఏడాది మిగిలిన రోజులన్నీ అన్నం ముందు గుమ్మంలోంచే తీసుకెళ్ళి పిల్లకి ఇచ్చి వచ్చేసేదాన్ని. బెల్లు, ఐడీ, సంతకం, స్టిక్కర్. మొదటి రోజు గోడ గడియారం చూశాను, నాలుగు నిమిషాలు పట్టింది. అమ్మాయి డబ్బా మూత తీసి, వేలు పెట్టి చూసింది.

“ఇంకా వేడి ఉంది అమ్మా” అంది.