గుండుదిబ్బ మీద పోలిరాజు రాయి

పాపాయమ్మత్త పూర్ణా మార్కెట్లో చేపలమ్ముతుంది. బేరం నచ్చకపోతే కొన్నవాళ్ళ సంచిలోంచి చేపను వెనక్కి లాక్కునే రకం. అలాంటి మనిషి ఆ రోజు గాజువాకలో ఒక ఆఫీసు గదిలో చేతులు కట్టుకుని నిలబడింది. చూసి నాకు ఒళ్ళు మండింది.

మా పేటకెదురుగా సముద్రంలో గుండుదిబ్బ అని చిన్న లంక ఉంది. దాని మీద పాత రాతిగోడ. గుడిదో కోటదో, ఎవరు కట్టారో ఎవరికీ తెలీదు. వేటకెళ్ళిన మగవాడి శవం కూడా ఒడ్డుకు రాకపోతే, అతని పాత లంగరురాయికి భార్య పసుపు రాసి ఆ గోడ మీద పెడుతుంది. పెట్టాక కదపకూడదు. మాకు సమాధులు అవే. అత్త భర్త పోలిరాజు తుఫానులో పోయాడు. అతని రాయీ అక్కడే ఉంది.

ఇప్పుడు చరిత్ర పరిశోధకుల జట్టొకటి ఆ గోడను తవ్వి చూస్తుందట. ఆ జట్టుకు పెద్ద శ్రీరామ్మూర్తి అనే రిటైరైన లెక్చరర్. పడవల కోసం మా పేటవాళ్ళను పిలిపించాడు. గోడకు లంక పటం తగిలించి ఉంది.

"ఆ ఎర్రరంగు ఏటి బాబూ?" అంది అత్త.

"అడ్డంగా ఉన్న రాళ్ళమ్మా. మొదటిరోజే తీయించేస్తాం. అసలు గోడ బయటపడాలి కదా."

"అందులో ఒకటి మా ఆయన బాబూ."

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. శ్రీరామ్మూర్తి నవ్వలేదు. చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "చూడమ్మా, గోడ వెయ్యేళ్ళనాటిది కావచ్చు. ఈ రాళ్ళు మొన్నమొన్నటివి. వీటికి చరిత్ర ఉండదు."

"ఎన్నాళ్ళకి వత్తాది బాబూ సరిత్ర? అందాకా ఆగండి. గోడెక్కడికీ పారిపోదు కదా."

"అన్నీ జాగ్రత్తగా ఒడ్డున పేర్పిస్తాం. పక్కన బోర్డు కూడా పెడతాం."

నేను ఆగలేకపోయాను. "మీ నాన్నగారి సమాధి తవ్వి బోర్డు పెడితే ఊరుకుంటారా సార్?"

"నువ్ నోర్ముయ్యిరా! కాలేజీ మానేసినోడివి, నీకేటి తెలుసు?" అని అత్త నన్నే కసిరింది. "సరే బాబూ, పడవలు మావే ఇత్తాం. ఏ రోజో సెప్పండి."

తిరిగొచ్చేటప్పుడు షేర్ ఆటోలో నేను ఆమె మొహం చూడలేదు. "అలా ఇచ్చేస్తావేంటత్తా?" అన్నాను.

"పడవ ఇత్తానన్నాను. రాయి ఇత్తానన్నానేటి?"

చెప్పిన రోజు పలుగులు, పెట్టెలతో జట్టంతా తీరానికి దిగింది. పడవల నిండా ఆడవాళ్ళు. దిబ్బ మీద రాయి ఉన్న ప్రతి ఇంటి నుంచీ వచ్చారు. ఒళ్ళో పసుపు డబ్బాలు.

"మాకు జాగా ఏదమ్మా?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"ఎక్కండి బాబూ, సర్దుకుందాం. పలుగులకే జాగా లేదు."

బూట్లు చేత్తో పట్టుకుని మోకాలిలోతు నీళ్ళలో చాలాసేపు నిలబడ్డాడాయన. చివరికి పటం ఒక్కటే తీసుకుని వాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. దిబ్బ మీద అత్త పోలిరాజు రాయికి పసుపు రాస్తూ అతని సంగతులన్నీ చెప్పింది. అతను తాగొస్తే తనెలా తన్నేదో కూడా చెప్పింది. తర్వాత మిగతావాళ్ళు మొదలుపెట్టారు. ఆయన ఎండలో నిలబడి అందరివీ విన్నాడు.

ఇప్పుడు రాళ్ళు లేని పడమటివైపు తవ్వుతారట. గోడ అటూ ఉంది, మొదటినుంచీ ఉంది. ఆ ముక్క ఆయనకు ఆఫీసులోనే తట్టలేదా? మనిషి నోరు తెరిచి 'అందులో ఒకటి మా ఆయన' అంటే చాలలేదా? పేటలో ఆడాళ్ళంతా బేరాలు మానుకుని పడవలెక్కాలా?