సిగ్నల్ అందని గూడెంలో మా సార్

మొన్న పొద్దున స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఫోన్ వచ్చింది. మా సార్ నిద్రలోనే పోయారని ఆయన భార్య చెప్పారు. వినగానే నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఇకమీదట ఎవరిని అడగాలి?

జనగామలో నాకు కంప్యూటర్ పాఠాలు చెప్పింది ఆయనే. రిటైరయ్యాక మా చిన్న ఆఫీసుకు వచ్చి, ఏ ప్రోగ్రామ్ ఎలా కట్టాలో దారి చూపిందీ ఆయనే. పిరికి మనిషి. తాళం వేసి, లాగి చూసి, గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చేవారు. మెయిల్ పంపి, అందిందా అని ఫోన్ చేసేవారు. మేం నవ్వితే, "నవ్వుండ్రి. భయముంటెనే మల్లొకసారి చూస్తం" అనేవారు.

అడవి ఊళ్లలో తిరిగే నర్సుల కోసం, రోగుల వివరాలు దాచే యాప్ ఒకటి చేశాం. వివరాలన్నీ దూరాన ఉన్న సర్వర్‌లోనే, అంటే క్లౌడ్‌లోనే, పెట్టాలన్నది సారే. అంతకుముందు కొత్తగూడ దగ్గర ఒక నర్సు ఫోన్ వాగులో పడి, అందులో రాసుకున్నవన్నీ పోయాయి.

"ఫోన్ల ఉంటే ఫోన్‌తోనే పోతది బిడ్డా. క్లౌడ్‌ల ఉంటే పదిలం" అన్నారు. మాకూ అదే సబబనిపించింది.

అది ఎలా పనిచేస్తోందో చూడటానికి వానాకాలంలో గంగారం వైపు వెళ్లాం. ఒక గూడెంలో ఒకాయన ఒళ్లు కాలిపోతూ మంచంలో ఉన్నాడు. పుండు ముదిరి కాలు మోకాలి దాకా వాచింది. మాతో వచ్చిన నర్సమ్మ సూదిలోకి మందు ఎక్కించింది. ఆయన భార్య గాబరాగా అడ్డం వచ్చింది.

"అక్కా, జర ఆగు. పోయినేడు భూపాలపల్లి దవాఖానల ఏదో సూది పడక పానం మీదికొచ్చింది."

"ఏం సూది?"

"నాకేమెరుక? దవాఖాన చిట్టీ చూసి మీ ఫోన్ల రాసుకున్నరు గద!"

నర్సమ్మ ఫోన్ తీసింది. తెర మీద చక్రం తిరుగుతోంది. నేను ఆ ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం వానలో గుడిసె చుట్టూ పరుగెత్తాను. చక్రం తిరుగుతూనే ఉంది. లోపల ఆయన పళ్లు కటకటలాడుతున్న చప్పుడు బయటికి వినిపిస్తోంది. సూది వేస్తే ఏమవుతుందో, వేయకపోతే ఏమవుతుందో మాలో ఎవరికీ తెలియదు.

"ఎయ్యకు తల్లీ" అన్నారు సార్. "బండెక్కియ్యిండ్రి."

రోగిని జీపులో పడుకోబెట్టి, బురదలో జారుతూ గుట్టెక్కాం. పైకి చేరాక సిగ్నల్ అందింది. వివరాలు తెరుచుకున్నాయి. పడని సూది పేరు అందులో ఉంది. గుడిసెలో నర్సమ్మ సూదిలోకి ఎక్కించింది ఆ మందే. వేరే మందు ఇచ్చి దవాఖానకు చేర్చాం. ఆయన బతికాడు.

తిరిగొస్తూ మహబూబాబాద్‌లో చాయ్‌కి ఆగితే సార్ గ్లాసు ముట్టుకోలేదు.

"పోతదని భయపడ్డ గని, అక్కరకు దొరకదని భయపడలే బిడ్డా" అన్నారు.

మర్నాడే మళ్లీ కట్టడం మొదలుపెట్టాం. వివరాలు ఫోన్‌లోనే ఉంటాయి, సిగ్నల్ దొరికినప్పుడు సర్వర్‌కూ చేరతాయి. దాంతోనూ ఆయన భయం తీరలేదు. "ఫోన్ల ఉన్నది పాతదైతే ఎట్ల? ఎవని చేతికన్న చిక్కితే ఎట్ల?" అని అడుగుతూనే ఉన్నారు, మా చేత మార్పులు చేయిస్తూనే ఉన్నారు.

ఇప్పుడు అడవిలోనూ టవర్లు వస్తున్నాయి కదా, అంతా సర్వర్‌కే మార్చేద్దామని ఆఫీసులో అంటున్నారు. నిన్న నేను వద్దన్నాను. చివరికి ఒప్పుకున్నారు. రేపు ఏ గూడెంలోనైనా పాత వివరం నమ్మి ఎవరికైనా ఏమన్నా అయితే, అది నా మాట మీదే అయినట్టు. రాత్రి తాళం వేసి, రెండుసార్లు లాగి చూశాను.

సార్‌ను చివరిసారి చూసింది జనగామ బస్టాండులో. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఫోన్‌లో నెట్ ఆపేసి, యాప్ తెరిచి, తెరను అద్దానికి ఆనించి చూపించారు. తెరుచుకుంది. పైన "ఇది పాత సమాచారం కావచ్చు" అన్న వరుస మీద వేలు పెట్టి ఏదో అంటున్నారు. అద్దం మూసి ఉంది, మాట వినపడలేదు. బస్సు కదిలింది. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి.