ఫస్ట్ క్లాస్, సాబ్!

మొన్న కర్నూలు నుంచి కడపకు పోయే బస్సులో నా వెనక సీట్లో ఒక పెద్దాయన గురక మొదలుపెట్టాడు. అట్లాంటిట్లాంటి గురక కాదు, రాళ్లబాటలో ఎద్దులబండి పోయినట్టు. పక్కనున్న ఆవిడ కొంగుతో చెవులు మూసుకుంది. ఆళ్లగడ్డ దాటాక ఉన్నట్టుండి ఆ గురక ఆగిపోయింది. "అమ్మయ్య!" అందామె.  నేను మాత్రం గబుక్కున వెనక్కి తిరిగి చూస్తే ఆయన నోరు తెరిచే ఉంది, ఛాతీ మాత్రం కదలడం లేదు. భుజం తట్టి లేపుదామని లేచేలోగా గర్రుమని మళ్లీ ఊపిరి అందుకున్నాడు. కూర్చున్నాను గానీ, కడప దాకా నా చెవులు వెనక సీటు దగ్గరే ఉండిపోయాయి. గురక వినిపిస్తే అందరికీ విసుగు. నాకు అది ఆగితేనే భయం. ఈ భయం నాకు మస్తాన్ మామ దగ్గర అంటుకుంది.

మస్తాన్ మామది వేంపల్లెలో మా ఇంటి పక్కిల్లు. మిలటరీలో హవల్దారుగా చేసి వచ్చాడు. వచ్చినవాడు ఊరికే కూర్చోకుండా, పోలీసు ఉద్యోగాలకు పోవాలనుకునే వీధి పిల్లలందరినీ తెల్లవారకముందే బడి మైదానంలో పరిగెత్తించేవాడు. ఆడపిల్లలు నలుగురైదుగురమే. పరుగయ్యాక వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ అడిగేవాడు, "ఎట్లుండావు?" అని. ప్రాణం పోతున్నా సరే, మడమలు దగ్గరికి కొట్టి "ఫస్ట్ క్లాస్, సార్!" అని అరవాలి. అది ఆయన పెట్టిన నియమం. ఒకరోజు నా కాలు బెణికింది. కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే "ఫస్ట్ క్లాస్" అన్నాను. ఆయనే కూర్చుని పసుపు పట్టు వేసి కట్టు కట్టాడు.

"నొప్పుండాదని నాకు తెలుసు పాపా. నీకూ తెలుసు. బయటోనికి యాల తెలియాల?" అన్నాడు.

ఆ మాట పట్టుకునే నేను కానిస్టేబుల్‌నయ్యాను. సెలెక్షన్ రోజున బొబ్బలెక్కిన పాదాలతో పరిగెత్తి, అడిగిన ఆఫీసరుకు ఇదే జవాబు చెప్పాను. మామ మాత్రం మమ్మల్ని పరిగెత్తించి, తాను గట్టు మీద కూర్చుని నిద్రపోయేవాడు. నోట్లో విజిల్ అట్లాగే ఉండేది. గురక పెడితే విజిల్ సన్నగా 'పీ...' మనేది. మేము పగలబడి నవ్వేవాళ్లం. మధ్యలో విజిల్ ఆగిపోయి, కాసేపటికి మామ ఉలిక్కిపడి లేచేవాడు. అదీ మాకు నవ్వులాటే. ఆగిందేమిటో మాకేం తెలుసు, పిల్లలం!

తర్వాత ఆయన తుమ్మలపల్లె దోవలో ఒక గోడౌనుకు కాపలా ఉద్యోగంలో చేరాడు. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర కుర్చీలోనే నిద్రపోయి సూపర్‌వైజరుకు దొరికాడు. "మిలటరీలో గూడా ఇట్లే పండుకుంటాంటివా, ఏమప్పా?" అని లోడింగు కూలీలందరి ముందూ అన్నాడట ఆ మనిషి. మామ టోపీ బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత చాన్నాళ్లు మైదానానికి రాలేదు. ఆయన భార్య జైతూన్ అత్త నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "కాపలా కాసే మనిషిని నిద్రపోతు అనిరంట పాపా. అన్నం గూడా తినల్యా."

అప్పటికి నాకు కర్నూల్లో పోస్టింగ్. బతిమాలి పిలిపించుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. ఒంటికి వైర్లు తగిలించి నిద్ర పరీక్ష చేశారు. నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగిపోతోందనీ, దాన్ని స్లీప్ ఆప్నియా అంటారనీ, రాత్రి నిద్ర సరిగా లేకనే పగలు కూలబడిపోతున్నాడనీ డాక్టరమ్మ చెప్పింది. మామ ముఖం వెలిగిపోయింది. జబ్బుందంటే అంత సంబరపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

"అంటే నేను సోంబేరిని గాదు గదా, డాక్టరమ్మా?"

మంచుకొండల్లో ఉన్నప్పుడే తోటి జవాన్లు ఆయన గురక భరించలేక సామాన్ల డేరాలో పడుకోబెట్టేవాళ్లట. ఊపిరాడక లేచి కూర్చున్న రాత్రుళ్లకు లెక్కే లేదట. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు వైకల్య పెన్షన్‌కు దరఖాస్తు పెడదామన్నాను. ఉన్న పెన్షన్‌తో గడుస్తోంది కదా, ఇదంతా ఎందుకని అత్త గొణిగింది. "పెన్షను కోసరం గాదే. ఇది మా నౌకరీలో వచ్చిన జబ్బే అని మిలటరీ వాళ్లు చెప్పాల. నిద్రపోతు అన్నోనికి నేను జవాబియ్యాల" అన్నాడు మామ.

మిలటరీ ఆసుపత్రిలో మెడికల్ బోర్డుకు నేనే వెంట వెళ్లాను. రైల్లో దారిపొడుగునా ఏం చెప్పాలో నేర్పించాను. లోపలికి ఆయనొక్కడినే పిలిచారు. సగం తెరిచిన తలుపు బయట నిలబడ్డాను. "ఎలా ఉన్నారు, హవల్దార్ సాబ్?" అని హిందీలో ఎవరో అడిగారు. టప్పుమని మడమలు కొట్టుకున్న చప్పుడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఫస్ట్ క్లాస్, సాబ్!"

"సర్వీసులో ఉన్నప్పుడు నిద్రకేమైనా ఇబ్బంది ఉండేదా?"

"ఒక్క దినం గూడా లేదు, సాబ్!"

బయటికొచ్చి బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. "నోరు దానంతటదే అనేసింది, పాపా." తిట్టాలనిపించింది. ఎవరిని తిట్టను? నా నోటికీ అదే మాట నేర్పిన మనిషాయె. దరఖాస్తు తిరగ్గొట్టారు.

అప్పీలు చేశాం. సెలవు దొరికినప్పుడల్లా వేంపల్లె పోయి, వసారాలో కుర్చీ వేసుకుని నేను డాక్టరునయ్యేదాన్ని. "ఎట్లుండావు, హవల్దార్ సాబ్?" అంటే "ఫస్ట్..." అనేవాడు. అత్త వంటింట్లోంచి ఉల్లిగడ్డ విసిరేది. "బాగలేనని చెప్పేకి అంత నామోషీనా నీకు? పక్కన మేలుకుని కూచునేది నేను గదా!" అనేది. ఒక సాయంత్రం ఆయన నావైపు చూడకుండా, గోడవైపు తిరిగి మెల్లగా అన్నాడు. "బాగలేను." అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది.

రెండో బోర్డు రోజున మళ్లీ అదే తలుపు, అదే ప్రశ్న. మడమల చప్పుడు వినపడింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. 

"బాగలేను, సాబ్. ఆ కొండల్లో ఉన్నప్పుడే బాగలేను. ఎవురికీ చెప్పల్యా."

బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. నేను ఆయన చేయి పట్టుకుని కూర్చున్నాను. కొన్ని నెలలకు, సర్వీసులో వచ్చిన జబ్బేనని ఒప్పుకున్నట్టు కబురొచ్చింది. మామ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నేరుగా ఆ గోడౌనుకు పోయాడు. "అప్పా, నేను డ్యూటీలో నిద్రపోయినోన్ని గాదు. నాకుండేది జబ్బు. మిలటరీ వాళ్లే చెప్పినారు" అన్నాడట. ఆ సూపర్‌వైజరు లేచి కుర్చీ వేసి టీ తెప్పించాడట. ఆ టీ రుచి ఎట్లుందో మామ నాకు ఎన్నిసార్లు చెప్పాడో!

ముక్కుకు తొడుక్కునే మిషన్ వచ్చాక గురక పోయింది. ఆ నిశ్శబ్దానికి అత్తకే నిద్ర పట్టేది కాదు. మైదానంలో మళ్లీ విజిల్ మోగింది, ఈసారి మామ మెలకువగా ఉండి ఊదిందే. కానీ అన్నేళ్లు ఆగి ఆగి నడిచిన ఊపిరితో గుండె అప్పటికే అలిసిపోయింది. ఏడాది తిరగకముందే పోయాడు. ఇంకొన్నాళ్లు హాయిగా నిద్రపోయి ఉంటే ఏం పోయేది, దేవుడా!

మొన్న కడప బస్టాండులో దిగగానే అత్తకు ఫోన్ చేశాను.

"ఎట్లుండావు, పాపా?" అంది.

'ఫస్ట్ క్లాస్' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"బాగలేను, అత్తా. మామ శానా గుర్తొస్తాండాడు."

 అవతల అత్త గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"నేనూ బాగలేను పాపా. ఇంటికి రా" అంది.