కల్నల్ గారి కోసం వెతికిన లాడ్జి

ఆయన మొదటిసారి మా ఆఫీసు మెట్లెక్కి వచ్చినప్పుడు చేతిలో నాలుగడుగుల రేకు గొట్టం ఒకటి ఉంది. మిలిటరీలో పనిచేసినవాళ్లు మ్యాపులు అలాంటి గొట్టాల్లో దాచుకుంటారని ఎక్కడో విన్నాను. ఆయన నిలబడ్డ తీరు మిలిటరీ మనిషిలాగే ఉంది. అందుకని అందులో మ్యాపు ఉందనుకున్నాను.

మాది రెజిమెంటల్ బజార్‌లో ఒక బట్టల కొట్టు పైన ఉన్న చిన్న ట్రావెల్ ఆఫీసు. రాంగోపాల్‌పేట్‌లోని మా ఇంటి నుంచి రోజూ నడిచి వెళ్లేదాన్ని. డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. తిరుపతి, షిర్డీ, వేసవిలో ఊటీ. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఇంతకు మించి అడిగేవారు కాదు. ఉత్తరాలు టైపు చేయడం, ఫ్యాక్సులు పంపడం, ఫోనెత్తడం నా పని.

ఆయన కూర్చుని, సైనిక్‌పురి నుంచి వస్తున్నానని, కల్నల్‌గా రిటైరై పదేళ్లు దాటిందని, అండమాన్‌లో ఏదైనా దీవిలో లాడ్జి కావాలని చెప్పారు.

"ప్యాకేజీ ఉంది సార్. ఐదు రోజులది. అన్నీ తిప్పి చూపిస్తరు" అన్నాడు మా ఓనరు.

"చూడ్డానికి కాదు. ఫ్లై ఫిషింగ్ చేసుకోవడానికి."

గొట్టం మూత తీసి సన్నటి గాలపు కడ్డీ ముక్కలు రెండు బయటికి లాగారు. జేబులోంచి ఒక చిన్న డబ్బా తీసి నా బల్ల మీద తెరిచారు. లోపల వరసగా కొక్కేలు. ఒక్కోదానికీ ఈకలు, మెరిసే దారం చుట్టి ఉన్నాయి. చేప వాటిని చిన్న చేపలనుకుని మింగుతుందట. వాటికి బరువుండదు కాబట్టి దారాన్నే కొరడాలా ఆడించి విసరాలట. చేపను ముందుగా లోతులేని నీళ్లలో కళ్లతో చూడాలి. చూసి, దాని ముందు పడేలా వేయాలి. ఉద్యోగం మీద కాశ్మీర్‌లో ఉన్న ఏళ్లలో నేర్చుకున్నానని, సముద్రంలో మాత్రం ఒక్కసారీ వేయలేదని చెప్పారు.

ఆయన వెళ్లాక ఓనరు ఫ్యాను కిందికి కుర్చీ జరుపుకున్నాడు. "ఏందమ్మా గిది. చేపలు పట్టనీకి సముద్రం దాటి పోవాల్నా? నీకు ఇంగ్లీషు మంచిగొస్తది, నువ్వే చూస్కో. నన్ను పరేషాన్ చెయ్యకు."

లాడ్జి అంటే నాకు తెలిసినవి స్టేషన్ ఎదురుగా ఉన్నవే. వాటిలో గదికి కిటికీ ఉందా, నీళ్లు ఎప్పుడొస్తాయి అని అడిగితే చాలు. కల్నల్ గారు నాతో రాయించిన ప్రశ్నలు వేరు. సముద్రంలో పోటు తగ్గి పాటు వచ్చినప్పుడు నీళ్లు ఎంత దూరం వెనక్కి పోతాయి? కింద ఇసుకా, పగడపు రాళ్లా? పొద్దున పూట గాలి ఏ పక్క నుంచి వీస్తుంది? మోకాలి లోతు నీళ్లలో ఎంతసేపు నడవొచ్చు? గదుల గురించి ఆయన ఒక్కటీ అడగలేదు. భోజనం గురించి నేనే ఒక వాక్యం కలిపాను.

చెన్నైలోని ఒక ఏజెంటు దగ్గర అడ్రసులు సంపాదించి ఆరు చోట్లకు రాశాను. మూడు జవాబులు వచ్చాయి. మొదటిది పెద్ద రిసార్టు. రంగుల కాగితం మీద ఫొటోలతో పంపారు. పాటుకి నీళ్లు అర కిలోమీటరు వెనక్కి పోతాయనీ, కింద ఉన్నది మెత్తటి ఇసుకేననీ రాశారు. రెండోది ఊరి మధ్యలో గెస్ట్ హౌసు. అక్కడి నుంచి రోజూ పడవలో తీసుకెళ్తామన్నారు. మూడోది మడ అడవి పక్కన ఆరు గుడిసెల లాడ్జి. మేనేజరు రూళ్ల కాగితం మీద చేత్తో రాశాడు. కరెంటు పగలు ఉండదనీ, వాన పడితే రెండో గుడిసె కారుతుందనీ, గాలి ఈశాన్యం నుంచి వస్తుందనీ, చేప వచ్చేదీ రానిదీ తాను చెప్పలేననీ ఉంది.

కల్నల్ గారు ప్రతి గురువారం వచ్చేవారు. వచ్చిన ఉత్తరాలు నన్నే చదవమనేవారు. పెద్ద ఆఫీసర్లకు అలా చదివించుకోవడం అలవాటేమో అనుకున్నాను. ఒకరోజు రిసార్టు ఫొటోలు ఆయన ముందు పెట్టాను. పడవ ఉన్న ఫొటో చేతిలోకి తీసుకుని, "గది బాగానే ఉంది" అన్నారు. సంతకం పెట్టమంటే టైపు చేసిన వరస మీదే పెట్టారు. రెండూ గమనించాను. అంతకు మించి ఆలోచించలేదు.

ఆ తర్వాతి మంగళవారం ఆయన భార్య వచ్చారు. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. తెల్ల చీర, చేతిలో గుడ్డ సంచీ. తనెవరో చెప్పి, ఓనరు టీకి కిందికి వెళ్లేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టారు.

"ఆయనకి చూపు పోతోందమ్మాయ్. నీకు చెప్పి ఉండరు."

"చెప్పలేదు మేడమ్."

"కంటి మధ్యలో మచ్చలాగా ఉంటుందట. పక్కలు కనపడతాయి. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనపడదు, చెవులు కనపడతాయి. నడుస్తారు, అన్నీ చేసుకుంటారు. చదవలేరు. నీళ్లలో చేప అసలే కనపడదు."

బుకింగ్ ఆపేయమని అడగడానికి వచ్చారనుకుని, "ఆపమంటారా?" అన్నాను.

"వద్దు. వెళ్లకపోతే ఇంట్లో కూర్చుని ఆ డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉంటారు. నేను చూడలేను. ఆయన అడగని ప్రశ్న ఒకటి నువ్వు రాయాలి. పక్కన నిలబడి, చేప ఎక్కడుందో ఎంత దూరంలో ఉందో చెప్పే మనిషి ఉన్నాడా అని. విసుక్కోకుండా రోజంతా చెప్పాలి. నేను వచ్చినట్టు మాత్రం ఆయనకి తెలియకూడదు."

తెలియనివ్వనని మాటిచ్చాను. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. అలాంటి మాట ఇవ్వడం తేలికగానే అనిపించింది.

మూడు చోట్లకూ ఆయన చూపు సంగతి చెప్పి, ఆ ప్రశ్న రాసి పంపాను. గెస్ట్ హౌసు వాళ్లు అన్ని సదుపాయాలూ ఉన్నాయని ఒక్క లైను ఫ్యాక్సు చేశారు. రిసార్టు వాళ్లు నాలుగు లైన్లు రాశారు. చూపు సరిగా లేని అతిథులు డాక్టరు సర్టిఫికెట్ తేవాలి, ప్రత్యేకంగా మనిషిని ఇవ్వలేం, అర్థం చేసుకోగలరు. గుడిసెల లాడ్జి మేనేజరు ఉత్తరం రాయకుండా ఫోన్ చేశాడు. అతనికి ఇంగ్లీషు కొంచెం, హిందీ కొంచెం. తన దగ్గర ఒక పడవతను ఉన్నాడనీ, అతని వాళ్లు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారనీ, మీది ఆంధ్రా కదా, మీరే మాట్లాడుకోండనీ అన్నాడు.

ఫోను చేతులు మారింది. గాలి హోరు మధ్య ఒక గొంతు వినపడింది.

"సెప్పండమ్మా."

విషయం చెప్పాను.

"సూపు బొత్తిగా నేదా?"

"పక్కలు కనపడతాయట. ఎదురుగా కనపడదు."

"విసరగలరా?"

"ముప్పై ఏళ్లుగా విసురుతున్నారట."

"అయితే ఆయన సూడనక్కర్నేదు కదా. సూసేది నాను. ఆయన ఏసేస్తే సాలు."

ఆ మాట విన్నాక నా మనసులో లాడ్జి నిర్ణయమైపోయింది. ఆ గురువారం కల్నల్ గారు వచ్చి నేను నోరు తెరవకముందే, "రిసార్టు ఖాయం చేసెయ్యమ్మా. అంత ఇసుక మేట ఇంకెక్కడా లేదు" అన్నారు.

వాళ్ల దగ్గర నుంచి ఇంకో ఉత్తరం వచ్చిందన్నాను. చదవమన్నారు. ఆ నాలుగు లైన్ల కాగితం చేతిలో పట్టుకుని, అందులో లేనిది చదివాను. ఇసుక మేట ఈ మధ్య కొట్టుకుపోయిందనీ, కింద పదునైన రాళ్లు తేలాయనీ, పెద్దవాళ్లు నడవడం ప్రమాదమనీ, అందుకు చింతిస్తున్నామనీ అప్పటికప్పుడు అల్లి చెప్పాను. ఇంగ్లీషులోనే చెప్పాను. నా ఇంగ్లీషు మీద నాకు కొంత గర్వం ఉండేది.

"మళ్లీ చదువు" అన్నారు.

మళ్లీ చదివాను. మొదటిసారి ఏ మాటలు వాడానో నాకే గుర్తులేదు.

ఆయన చెయ్యి చాచారు. కాగితం ఇచ్చాను. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, దాన్ని ముఖానికి బాగా పక్కగా, చెవికి దగ్గరగా పట్టుకుని, తల నెమ్మదిగా ఇటూ అటూ తిప్పుతూ చూశారు. చాలాసేపు పట్టింది. కింద బజారులో ఎవరో బండి హారన్ కొడుతూనే ఉన్నారు.

"అక్షరాలు నాకు ఆనడం లేదు. వరసలు మాత్రం తెలుస్తున్నాయి. ఇందులో నాలుగే ఉన్నాయి. నువ్వు పది పన్నెండు చదివావు."

ఆయన తిరిగొచ్చి కూర్చున్నారు. కోపం కనిపించలేదు. కోపం ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

"ఉత్తరంలో ఉన్నదే చదవమ్మా. వద్దనడానికి వేరే కారణం ఉంటే, ఆ కారణం చెప్పు."

ఆ నాలుగు లైన్లూ చదివాను. చూపు సరిగా లేని అతిథులు అన్నచోట నా గొంతు కాస్త తగ్గింది.

"మొన్నొక మంగళవారం చర్చి పనని చెప్పి వెళ్లింది, మా ఆవిడ" అన్నారు, నాతో కాదన్నట్టు. తర్వాత, "ఇంకేం రాయించింది?" అని అడిగారు.

ఇక దాచేందుకు ఏమీ మిగల్లేదు. గుడిసెల లాడ్జి గురించీ, పడవతని గురించీ చెప్పాను. అతనన్న మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. కల్నల్ గారు కుర్చీ నా బల్ల దగ్గరికి జరుపుకుని, "అతనితో మాట్లాడొచ్చా?" అన్నారు.

మేనేజరుకు ఫోన్ చేస్తే, నాలుగు దాటాక పడవ వస్తుందన్నాడు. ఆయన నాలుగుదాకా అక్కడే కూర్చున్నారు. మా ఓనరు ఎక్కడి నుంచో ఉస్మానియా బిస్కెట్లు, టీ తెప్పించి ఆయన ముందు పెట్టాడు. లైను కలిశాక ఫోన్ ఆయన చేతికిచ్చాను. అవతలి గొంతు గట్టిది కావడంతో నాకూ వినపడుతోంది.

"నాకు కనపడదయ్యా. ఎలా చెప్తావు?"

"కుడి, ఎడమ, ఎంత దూరం. అంతే కదా బాబూ."

"నలభై అడుగులంటే నలభై అడుగులే అని చెప్పగలవా?"

"అడుగులు నాకు తెల్దు. నాను బారల్లో సెప్తాను. మా వోళ్లందరికీ బారలే."

కల్నల్ గారు ఎడమ చెయ్యి పక్కకు చాచి, తన వేలి చివరి నుంచి ఛాతీ దాకా ఉన్న దూరాన్ని లెక్కేస్తున్నట్టు ఆగారు. రెండు చేతులూ చాస్తే ఒక బార. "మా తాతగారిది భీమిలి. ఆయనా బారల్లోనే చెప్పేవారు" అన్నారు. "ఏ చేపలుంటాయి?"

"పార సేపలు. ఇంత పొడుగున్నవి ఉంటాయి."

ఎంత పొడుగో ఫోనులో తెలియదు. ఆయన అడగలేదు.

వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఆగి, "మా ఆవిడకి నాకు తెలుసని చెప్పకు. నేనే చెప్తాను" అన్నారు. చెప్పారో లేదో నాకు తెలియదు. రెండు రైలు టికెట్లు, చెన్నై నుంచి రెండు విమానం టికెట్లు, రెండో గుడిసె కాకుండా వేరేది. అలా బుకింగ్ అయింది.

బయల్దేరిన పన్నెండు రోజులకు ఇద్దరూ కలిసి ఆఫీసుకి వచ్చారు. ఆయన మెడ, ముంజేతులు నల్లబడ్డాయి. మొదటి రోజంతా ఏమీ కాలేదట. పడవతను ఆయనకి ఎదురుగా నిలబడి కుడి అంటే అది ఆయనకు ఎడమ అయ్యేది. మధ్యాహ్నానికి ఒకరి మీద ఒకరు గొంతు పెంచుకున్నారని మేడమ్ చెప్పారు. రెండో రోజు అతను వెనక్కి వచ్చి నిలబడి, చేప ఏ పక్క ఉంటే ఆ భుజం మీద వేలితో తట్టి, ఎన్ని బారలో చెప్పడం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి కుదిరింది. మూడు చేపలు కొక్కెం పట్టుకున్నాయి, వాటిలో రెండు దారం తెంపుకుని పోయాయి. ఒకటి ఒడ్డు దాకా వచ్చింది.

"దాన్ని చేత్తో పట్టుకున్నాను. తోక దగ్గర గరుకుగా రంపంలా ఉంటుంది" అన్నారు కల్నల్ గారు. దాన్ని తిరిగి నీళ్లలో వదిలేశారని విన్నప్పుడు మా ఓనరు మొహం చూడాల్సింది. "గంత తక్లీఫ్ పడి పట్టి, ఇడిచిపెట్టిన్రా సార్?" అన్నాడు. ఆయన నవ్వారు.

మరుసటి ఏడాదీ అక్కడికే వెళ్లారు. ఆ తర్వాత వెళ్లలేదు. మేడమ్‌కి మోకాళ్ల ఆపరేషన్ అయింది.

అప్పటికి నేను వేరే ఆఫీసుకి మారాను. ఒకరోజు మేడమ్ నన్ను వెతికి ఫోన్ చేశారు. పడవతను చుట్టాల పెళ్లికి శ్రీకాకుళం వచ్చాడనీ, రెండు రోజులు తమ దగ్గర ఉంటాడనీ, ఆదివారం నన్ను రమ్మనీ చెప్పారు. చర్చి అయ్యాక వస్తే చాలన్నారు. నేను బస్సెక్కి సైనిక్‌పురి వెళ్లాను.

ఇంటి వెనక కాలనీ వాళ్ల ఖాళీ స్థలంలో కల్నల్ గారూ పడవతనూ ఉన్నారు. పడవతను భారీ మనిషై ఉంటాడని ఊహించుకున్నాను. అతను పొట్టిగా, సన్నగా, పెళ్లి కోసం కొన్న కొత్త చొక్కాతో ఉన్నాడు. ఎండిన గడ్డిలో తన చెప్పు ఒకటి దూరంగా విసిరేసి, వచ్చి కల్నల్ గారి వెనక నిలబడి, ఎడమ భుజం తట్టాడు.

"ఆరున్నర."

దారం తల మీద నుంచి రెండుసార్లు వెనక్కీ ముందుకీ ఆడి, వెళ్లి చెప్పుకి జానెడు ఇవతల పడింది. పడవతను వెళ్లి చూసొచ్చి, "బానే ఉంది బాబూ, కానీ సేప ఎల్లిపోయింది" అన్నాడు. చెప్పు తీసి ఇంకోచోట పెట్టడానికి నడిచాడు. మేడమ్ వరండాలో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. నేను ఆవిడ పక్కన కూర్చుని, సగం కాయలు నా ఒళ్లోకి తీసుకున్నాను.