నేను బ్యాంకాక్‌లో దారి తప్పిన రోజు

మా బాపు దున్నిన మట్టి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర చాయ్ తాగేవాళ్లు నా మాటను నమ్మే ముందు సగానికి సగం కోసేసుకుంటారని నాకు తెలుసు. మా పొలంలో ఒక ఉడుము నాగలిని ఈడ్చుకుపోయిందని ఎప్పుడో చెప్పాను, అప్పటి నుంచి ఈ తిప్పలు. ఇది అలాంటిది కాదు. ఏమీ కోయకండి.

అప్పట్లో సాగర్ రోడ్డు పొడుగునా భూమికి పూనకం వచ్చింది. తుర్కయాంజాల్ దాటితే చాలు, నిన్న జొన్నచేను ఉన్న చోట ఇవాళ రంగు జెండాలు, సిమెంటు కమాను. నేను ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటుని. మా పనికి కొన్ని పద్ధతులున్నాయి. దూరాన్ని కిలోమీటర్లలో చెప్పం, నిమిషాల్లో చెబుతాం. చెరువు పక్క నేలను ఎండాకాలంలోనే చూపిస్తాం. ఏడాదిలో అనుకున్నన్ని ప్లాట్లు అమ్మినవాళ్లను కంపెనీ విమానమెక్కించి బ్యాంకాక్ తిప్పి తెస్తుంది. ఆ ఏడు నాకు ఒక్క ప్లాటు తక్కువ పడింది. ఆ ఒక్కటి మా అక్క చేత బుక్ చేయించాను.

బావ పోయాక అక్క తన వాటా చెలక భూమి అమ్మేసింది. పుట్టిన ఊళ్లో చిన్న ఇల్లు కట్టుకుని ఉందామని ఆమె ఆశ. ఆ చెలక తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు. నేను చూపించిన ప్లాటు పెద్ద చెరువు అంచున ఉంది. చెరువు వెనక్కి జరిగిన ఏళ్లలో మా బాపు సరిగ్గా అక్కడే పెసర్లు చల్లేవాడు. చెరువు నిండితే ఆ నేల నీళ్ల కిందికి పోతుందని బాపుకు తెలుసు, వెంట తిరిగిన నాకు తెలుసు. బాపు పోయాడు. చెరువు నిండి ఎన్నో ఏళ్లయింది, ఊరు ఆ సంగతే మరిచింది. అక్క చిన్నప్పుడే పెళ్లయి వెళ్లిపోయింది.

బ్యాంకాక్‌లో మూడో రోజు పొద్దున, హోటల్లో తింటుంటే అక్క ఫోను.

"తమ్మీ, తిన్నవా?"

"తింటున్న అక్కా."

"ఏం పెడుతున్రు? పాములు గిట్ల తినకు."

"పాముల్లేవ్. బ్రెడ్డున్నది."

"ఇగో, పదకొండు గొట్టంగ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రమ్మన్నరు. నాకు ఒకటే గుబులైతుంది. గా రాళ్లు పాతిన కాడ, చిన్నప్పుడు బాపు ఎంట పోతే మోకాళ్లదాంక నీళ్లున్నట్టు యాదికొస్తుంది. నిజమా, నా బ్రమనా? నువ్వైతే ఎప్పుడు బాపుతోనే ఉంటుంటివి. ఒక్క మాట చెప్పు. నువ్వు వద్దంటే ఏలుముద్ర పెట్ట."

చుట్టూ మా ఏజెంట్లే. ఎదురు కుర్చీలో మా టీమ్ లీడర్ గుడ్డు ఒలుచుకుంటున్నాడు.

"అక్కా, ఈడ సిగ్నల్ మంచిగ లేదు. జరసేపైనంక నేనే చేస్త," అని పెట్టేశాను.

వాళ్ల గడియారం మనకంటే గంటన్నర ముందు. మన పదకొండంటే అక్కడ పన్నెండున్నర. ఆ ఫోను వచ్చేసరికి అక్కడ తొమ్మిదయింది.

కింద బస్సు సిద్ధంగా ఉంది. "ఏం అన్నా, ఎక్కవా? ఏనుగుల ఆట సూడనీకి పోతున్నం," అన్నాడు ఒకడు.

"మీరు పోండ్రి. నా కడుపు మంచిగ లేదు."

"కడుపా, మనసా? అన్న ఒక్కడే ఏదో సెట్ చేసుకున్నడు రా!"

బస్సు మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. బస్సు మలుపు తిరిగాక నడక మొదలుపెట్టాను.

కొత్త ఊళ్లో ఒక్కడినే నడవడం నాకు అదే మొదలు. బోర్డుల మీద అక్షరాలు జిలేబీలు చుట్టినట్టున్నాయి. చేపలు కాల్చే పొగ, మల్లెదండల వాసన, తడి సిమెంటు వాసన ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. ఎవరూ నన్ను చూడటం లేదు. మా ఊళ్లో నాలుగడుగులు వేస్తే నలుగురు పిలుస్తారు, నాలుగు అబద్ధాలు చెప్పి బతికిపోతాను. ఇక్కడ నా నోటికి పని లేదు. నోరు ఊరుకుంటే లోపలిది మాట్లాడటం మొదలుపెడుతుందని ఆ వీధుల్లోనే తెలిసింది.

ప్రతి ఇంటి ముందూ, చివరికి పది అంతస్తుల మేడ ముందూ, ఒక స్తంభం మీద బొమ్మరిల్లంత గుడి. అందులో పూలు, అగరొత్తులు, స్ట్రా వేసిన ఎర్ర కూల్‌డ్రింకు సీసా. ఒక దుకాణం ముందు నిలబడి చేతులు తిప్పి ఇదేమిటని అడిగాను. దుకాణదారు నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాడు: ఈ నేలకు ముందు నుంచీ ఒక యజమాని ఉంటాడు, కంటికి కనబడడు, మనం ఇల్లు కట్టుకుంటే ఆయన ఎక్కడికి పోవాలి, అందుకని ముందు ఆయనకు ఇల్లు. నేను ఎన్ని ప్లాట్లు అమ్మానో, ఏ ఒక్కదాని పాత యజమాని గురించీ ఆలోచించింది లేదు. మా చెరువుకు అలా ఒక గుడి కట్టాల్సి వస్తే అక్క ప్లాటు నడిమధ్యన కట్టాలి.

అక్కడి నుంచి సందులు పట్టుకుపోతే ఒక కాలువ. రెండు పక్కలా చెక్క ఇళ్లు, నీళ్ల రంగు మన రాగి అంబలిలా ఉంది. ఒక ముసలామె అరుగు మీద కూర్చుని జామకాయ కోస్తోంది. ఆమె వెనక గోడ మీద, నా రొమ్ము ఎత్తున, మట్టిరంగు గీత ఒకటి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా గీసినట్టుంది. అదేమిటని వేలు చూపించాను. ఆమె కత్తి పక్కన పెట్టి లేచి, ముందు కాలువను చూపించి, తర్వాత అరచేతిని ఆ గీత మీద ఆనించింది. నీళ్లు అక్కడిదాకా వచ్చాయి. మంచం, బియ్యం బస్తా అటక మీదికి ఎలా ఎత్తుకుందో నటించి చూపి, పళ్లు లేని నోటితో నవ్వింది. ఉప్పుకారం అద్దిన జామముక్కలు నా చేతిలో పెట్టింది. రుచి అచ్చం మన ఊరి రుచే.

అప్పుడనుకున్నాను, అక్కకు చెప్పేస్తానని. జేబులోంచి ఫోను తీస్తే చార్జింగ్ అయిపోయి చచ్చి ఉంది.

హోటల్‌కు పరుగెత్తాను. ఏ సందు చూసినా వచ్చిన సందులాగే ఉంది. తెలుగులో అడిగాను, ఉర్దూలో అడిగాను, ఏడుపు ముఖంతో అడిగాను. ఒకడు ఐదు వేళ్లు చూపించి నవ్వాడు, ఐదు నిమిషాలేనన్నట్టు. గంట నడిచాను. దూరాన్ని నిమిషాల్లో చెప్పే మా పద్ధతి నాకే ఎదురైంది. ఒక వంతెన మెట్ల మీద కూలబడి చూసుకుంటే చేతి గడియారం పన్నెండున్నర దాటిపోయింది.

సాయంత్రం గదికి చేరి ఫోను చేశాను.

"అయిపోయింది తమ్మీ," అంది అక్క. "నువ్వు చేస్తవని గేటుకాడ నిలబడి సూసిన. వాళ్లు లేటైతుందన్నరు. ఇగ పెట్టేసిన. నీకేమైంది?"

"తొవ్వ మర్చిపోయిన అక్కా."

"అయ్యో, దేశంగాని దేశంల! మంచిగనే ఉన్నవా, దెబ్బలేం తాకలేదు గదా?"

నీళ్ల సంగతి ఆమె మళ్లీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మూడో ఏడు వానలు వరసబెట్టి పడి పెద్ద చెరువు నిండింది. ఊరు ఊరంతా కట్ట మీదికి చూడటానికి పోయింది. రాళ్లు, కమాను, జెండాలు అన్నీ నీళ్ల కింద. వలలు వేసేవాళ్లలో ఒకడు నన్ను చూసి తెప్ప మీది నుంచే అరిచాడు: "ఏం అన్నా, మీ ప్లాట్లల్ల బొచ్చె చేపలు మస్తు పడుతున్నయ్! ఇంకో ఫేజు ఎప్పుడు తీస్తవ్?" కట్ట మీద అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు, ఏడవలేదు. నీళ్లనే చూస్తూ, "నా బ్రమ గాదన్నట్టు," అంది.

ఇప్పుడామె బడంగ్‌పేట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని నాలుగిళ్లలో వంట చేస్తోంది. సొంత తమ్ముడు ఏజెంటై ఉండి ఇట్ల చేసిండా అని ఎవరైనా అంటే ఒప్పుకోదు. "వాడేం జేస్తడు? ఆ దినం పిలగాడు తొవ్వ దొరకక తిండి లేక తిరిగిండు. లేకుంటే చెప్పకపోతుండెనా?" అంటుంది. నా మాటను ఒక్క ముక్క కూడా కోయకుండా నమ్మేది ఆమె ఒక్కతే.

ఇక ఆ ఒట్టు సంగతి. బొమ్మరిల్లంత గుళ్లు నిజం, కాలువ నిజం, గోడ మీది గీత నిజం, జామముక్కలు నిజం. దారి తప్పడం ఒక్కటి నేను అల్లాను. ఐదు వేళ్లు చూపినవాడు లేడు, వంతెన మెట్లు లేవు. మా హోటల్ ఆ చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తు. ఏ సందులో నిలబడ్డా దాని నెత్తి మీది ఎర్ర అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. ముసలామె ఇంటి నుంచి తిన్నగా వచ్చి, పన్నెండు కాకముందే హోటల్ ఎదుట, రోడ్డుకు ఇవతల చెట్టు నీడన నిలబడ్డాను. ఫోను నిండా చార్జింగ్ ఉంది. అక్క మూడుసార్లు చేసింది. ఆ ఒక్క ప్లాటు నీళ్లలో ఉందని చెబితే పక్కన నేను అమ్మినవన్నీ నీళ్లలో ఉన్నాయని ఒప్పుకున్నట్టే, నేనూ అందులో మునిగినట్టే. నాలుగోసారి మోగినప్పుడు స్విచ్ నొక్కి ఆపేసి, పన్నెండున్నర దాటేదాకా అక్కడే నిలబడ్డాను.

అక్కకు చదవడం రాదు. ఇది రాయడానికి నాకు ధైర్యం వచ్చింది అందుకే.