అక్క కోసం మార్చిన కార్డు

రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో నేను భూపాలపల్లిలో బొగ్గుబాయి ఎలక్ట్రీషియన్‌ని. బాయిలోకి దిగడం మానేశాం. బస్సులు డిపోల్లోనే ఆగిపోయాయి. పొద్దున సమ్మె శిబిరంలో కూర్చోవడం, మధ్యాహ్నం ఇంటికి రావడం, అంతే పని.

అప్పటికే జనగామలో ఉండే మా అక్కకు మాట పోయింది. గొంతులో పుండని హైదరాబాద్ దవాఖానలో స్వరపేటిక తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం, ఊపిరి అందులోంచే. మహబూబాబాద్ దగ్గరి మా పల్లెలో, చిన్నప్పుడే అమ్మ పోతే నన్ను పెంచింది అక్కే. బట్టలు కుట్టి ఐటీఐ చదివించింది. ఇప్పుడు ఫోన్ చేస్తే అటువైపు గురక లాంటి చప్పుడు ఒకటే వినిపించేది. అక్క కూతురు ఫోన్ అందుకుని, "అమ్మ నవ్వుతున్నది మామా" అనేది. నిజంగా నవ్వుతోందో, నా కోసం అలా అంటోందో తెలిసేది కాదు.

ఆ పిల్ల ఒక నెట్ సెంటర్లో పనిచేసేది. అక్కను అక్కడి కెమెరా ముందు కూర్చోబెడతానంది. మా పై ఇంటి టీచరమ్మ కొత్తగా వైఫై పెట్టించుకుంది. మొదటిసారి ఆమె కంప్యూటర్లోనే అక్కను చూశాను. నా చుట్టూ టీచరమ్మ అత్తగారు, పిల్లలు. మెడకు గుడ్డ చుట్టుకున్న అక్కను చూడగానే దుఃఖం తన్నుకొచ్చింది. పరాయి ఇంట్లో ఏడవలేక రెండు మాటలు మాట్లాడి లేచి వచ్చేశాను. టీచరమ్మకు అర్థమైనట్టుంది. మరునాడు పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చి, "మీ ఇంట్లనే మాట్లాడుకోండి అన్నా" అంది.

మా లాప్‌టాప్ ఎవరో వాడి అమ్మేసింది. నా బిడ్డ చదువు కోసం కొన్నాం. అందులో వైఫై పేరు కనిపించేది, కలిసేది కాదు. వైరు లాగుదామంటే అది గుచ్చే చోటు ఎప్పుడో విరిగింది. రిపేరు షాపాయన మూత విప్పి చూసి, "లోపలి కార్డు పాతది. కొత్త మోడెం దీనికి అందుతలేదు. కార్డు మార్చాలె" అన్నాడు.

కార్డు తెచ్చి నేనే బిగించాను. అగ్గిపెట్టంత పచ్చ బిళ్ల, దానికి నల్లదొకటి తెల్లదొకటి రెండు సన్నటి తీగలు. తీగలను గోరుతో లేపి స్క్రూ తీస్తే పాత బిళ్ల పైకి లేచింది. కొత్తది దూర్చి, తీగలు టక్కుమనేదాకా నొక్కాను. స్విచ్ వేస్తే నల్లటి తెర మీద ఇంగ్లీషులో రెండు లైన్లు వచ్చాయి. ఈ కార్డుకు అనుమతి లేదు, తీసేయమని. లాప్‌టాప్ అక్కడే ఆగిపోయింది.

"కొన్ని కంపెనీలు గట్లనే. వాళ్ల కార్డు తప్ప ఇంకోటి పెట్టనియ్యవు," అన్నాడు షాపాయన. "గదే కంపెనీది కావాలె. హన్మకొండల దొరుకుతది. బస్సులు లెవ్వు గదా, జర ఆగు."

ఆగాను. తొమ్మిది రోజులు ఆగాను. నాకు మోటారు సైకిలు ఉంది. జనగామ మూడున్నర గంటల దారి. శిబిరం వదిలిపోతే నలుగురూ ఏమంటారోనని ఒకరోజు ఆగాను. దారిలో రాస్తారోకోలు ఉంటాయని ఒకరోజు. కార్డు రేపే వస్తుందని మిగతా రోజులు. అసలు మాట చెప్పాలంటే, ఆ మెడను దగ్గర్నుంచి చూడటానికి భయపడ్డాను. తెర మీదైతే చూడగలననుకున్నాను.

చివరికి ఒక లారీ డ్రైవర్ చేత కార్డు వచ్చింది. పెట్టగానే వైఫై కలిసింది. జనగామలో కరెంటు లేదు. మేము బొగ్గు ఆపినకొద్దీ కోతలు పెరిగాయి. రెండు రోజులూ ఫోన్లో అదే మాట, "కరెంటు లేదు మామా."

మూడో రోజు మధ్యాహ్నం అక్క కనిపించింది. ముఖం సగమైంది. ఒళ్లో పలక. నన్ను కాసేపు తేరిపార చూసి, బలపంతో రాసి తెరకు ఎత్తిపట్టింది. "బక్కగైనవ్."

"నేనెక్కడ బక్కగైన? నువ్వు తింటున్నవా అక్కా?"

చెయ్యి ఊపి చెరిపేసింది. మళ్లీ రాసింది. "వచ్చుడెప్పుడు?"

రాష్ట్రం గురించి అడుగుతోందా, నేను ఎప్పుడొస్తానని అడుగుతోందా? "వస్తదక్కా, తప్పక వస్తది" అన్నాను. తల ఊపింది. ఇరవై నిమిషాలు అలా సాగింది. ఆమె ఇంకేదో రాస్తుండగానే అటు కరెంటు పోయింది.

ఐదో రోజు పొద్దున మేనకోడలి ఫోన్ వచ్చింది. అప్పుడు బండి తీశాను. దారిలో రెండు చోట్ల జనం రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుతున్నారు. చావుకు పోతున్నానని చెప్పగానే జరిగి దారి ఇచ్చారు. ఒకాయన నీళ్లు తాగించి పంపాడు.

అంతా అయ్యాక మేనకోడలు నా పక్కన కూర్చుంది. "కరెంటు లేని రెండు రోజులు అమ్మ సెంటర్లనే కూసున్నది మామా. ఇంటికి పోదాం పా అంటే ఇనలే. తమ్ముడు కనవడ్తడని గోడ దిక్కున్న కంప్యూటర్ చూపెట్టింది."



రాష్ట్రం వచ్చిన రోజు బాయి దగ్గర అందరితో పాటు నేనూ మిఠాయి పంచాను. సమ్మె చేసినందుకు ఏనాడూ బాధపడలేదు. బండి ఉండి కూడా ఎందుకు రాలేదని మేనకోడలు నన్ను ఇప్పటిదాకా అడగలేదు. అడిగితే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.