మెట్లెక్కితే వచ్చే పంటినొప్పి

మా గదిలో శుక్రవారం వంట మామది. ఆ వంతు ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. అరబ్బు దేశంలో, హుఫూఫ్ ఊరి చివర, ఖర్జూరపు తోటల పక్కన, కంపెనీ బిల్డింగ్ రెండో అంతస్తులో నలుగురం తెలంగాణవాళ్లం ఒకే గదిలో ఉంటున్నాం. మిగతా రోజులు ఎవరి వంతు వాళ్లు పప్పో, గుడ్డో వండి పడేస్తాం. శుక్రవారం మాత్రం మామ తలస్నానం చేసి, లుంగీ ఎగ్గట్టి పొయ్యి ముందు నిలబడ్డాడంటే ఇక ఆ దరిదాపులకు ఎవరూ పోకూడదు. మటన్ కూర మీద నూనె వేలెడు మందాన తేలాలి. తేలకపోతే దాన్ని కూర అని పిలవడానికి కూడా ఆయన ఒప్పుకోడు. పక్కన ఇంటి నుంచి వచ్చిన మామిడికాయ తొక్కు, వేయించిన అప్పడాలు, చివర్లో చల్లటి కోలా. తిన్నాక నలుగురం ఒళ్లు తెలియకుండా పడుకునేవాళ్లం. నిజం చెప్పాలంటే అంత రుచిగా మా ఇంట్లో కూడా నేను ఎప్పుడూ తినలేదు.

మామ అంటే చుట్టమేమీ కాదు. ఊళ్లో ఉన్నప్పుడు ఆయనదీ మాదీ పక్కపక్క మండలాలు, అంతే. ఆయన టైల్స్ మేస్త్రి, నేను ఏసీలు బాగుచేసేవాణ్ని. నన్ను అల్లుడా అంటాడు కాబట్టి ఆటపట్టించే హక్కు నాకు దానంతటదే వచ్చేసింది. నా నోరు ఊరుకోదు, ఆయనకు కోపం ఆగదు. మేమిద్దరం వాదులాడుకుంటుంటే పక్కగది బంగ్లాదేశీవాళ్లు ఒక్క ముక్క అర్థం కాకపోయినా తలుపు తీసి కూర్చుని వినేవాళ్లు.

చలికాలం మొదలయ్యాక మామకు పంటినొప్పి పట్టుకుంది. ఎడమవైపు దవడ గుంజుతోందని బుగ్గన లవంగం పెట్టుకుని తిరిగేవాడు. నేను రోజూ ఆయన వెనకాలే మెట్లెక్కుతాను కదా, నాకు ఒక సంగతి వింతగా అనిపించింది. మొదటి అంతస్తు మలుపు దగ్గరికి రాగానే ఆగిపోయి, గోడకు చెయ్యి ఆనించి దవడ పట్టుకుంటాడు. కాసేపు నిలబడితే పోతుంది. అన్నం తినేటప్పుడు మాత్రం ఏ నొప్పీ లేదు. చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

"మామా, గీ పన్ను నీదేనా? మటన్ బొక్క కొరికితె నొయ్యది గని మెట్లెక్కితె నొస్తదా?"

"నీకేం దెల్సురా? డాక్టర్‌వా? పో, పోయి ఏసీలు తుడుసుకో."

"దవాఖానకు పోదాం పా మరి."

ఆ మాటతో ఆయన ముఖం మారిపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అల్లుడా, గుండె అని రాసిన్రనుకో, కంపెనీ ఎగ్జిట్ గొట్టి ఇంటికి పంపుతది. పన్ను అంటె ఎవ్వలేమంటరు? నువ్వు గూడ పన్నే అను. మీ అత్తకైతె అసలే చెప్పకు."

అంటే అనుమానం ఆయనకూ ఉంది! ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. బతిమాలాను, పోట్లాడాను, అత్తకు ఫోన్ చేస్తానని బెదిరించాను. దాంతో నాతో మాట్లాడటమే మానేశాడు. మాట్లాడకపోయినా కూర మాత్రం నాకే ముందు వడ్డించేవాడు.

అలాంటి ఒక శుక్రవారం పొద్దున మార్కెట్ నుంచి ఇద్దరం సంచులు మోసుకొస్తున్నాం. మలుపు దగ్గర మామ ఆగలేదు, కూలబడ్డాడు. చలిలో నుదుటి మీద చెమట కారుతోంది, ముఖం బూడిద రంగులోకి వచ్చింది. ఎడమ చెయ్యి బరువెక్కిందన్నాడు. ఆ స్థితిలోనూ ఆయన నోట వచ్చింది ఒకటే మాట. "గ్యాస్ వట్టింది, సోడా తేపో."

కింద ఉండే పాకిస్తానీ డ్రైవర్ పరుగెత్తుకొచ్చి, మెట్లు దింపి తన పికప్ బండిలో వేద్దామన్నాడు. మంచివాడు, కానీ ఈలోగా నేను అంబులెన్స్‌కి ఫోన్ కలిపాను. అవతలివాళ్లు నడిపించొద్దు, కదిలించొద్దు, కూర్చోబెట్టండి అన్నారు. నేను గోడకు ఆనుకుని కూర్చుని మామ వీపును నా ఛాతీకి ఆనించుకున్నాను. అంబులెన్స్ వచ్చేదాకా ఆ బరువు నా మీదే ఉంది. స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే తల ఎత్తి, "మటన్ ఫ్రిజ్ల వెట్టుర్రి, ఖరాబైతది" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం ఒకటి దాదాపు మూసుకుపోయిందట. అందులో స్టెంట్ వేశారు. వార్డులో మా అదృష్టం కొద్దీ ఒక కోస్తా ఆంధ్ర సిస్టర్ దొరికింది. తెలుగు వినగానే మామకు సగం ప్రాణం లేచొచ్చింది.

"బాబాయ్ గారూ, గుండెనొప్పంటే సినిమాల్లోలాగా ఛాతీ పట్టుకుని పడిపోవడమే అనుకోకండి," అంది ఆమె. "దవడలో రావచ్చు, చేతిలో రావచ్చు, వీపులో రావచ్చు. చల్లటి చెమటలు, ఆయాసం, ఛాతీ మీద బరువు పెట్టినట్టుండటం, అవన్నీ దాని గుర్తులేనండీ. ఆడవాళ్లకైతే ఒక్కోసారి ఒట్టి నీరసం, వికారమే ఉంటాయి. సోడాలు తాగుతూ కూర్చోకూడదు, వెంటనే రావాలి."

"మరి తిండి సిస్టరమ్మా?" మామ అసలు బాధ అది.

"ఉప్పు, నూనె తగ్గించండి. అప్పడాలు, కోలాలు, సిగరెట్లు వద్దు. పప్పు, ఆకుకూర, చేప హాయిగా తినండి. పచ్చడి వాసన ఎంతైనా చూడండి, నోట్లోకి మాత్రం నలుసంతే!"

మామ తిరిగొచ్చాక ఇక గదిలో నా రాజ్యం మొదలైంది. నూనె సీసా నా మంచం కింద పెట్టుకున్నాను. తోటలో పనిచేసే పక్కగది బంగ్లాదేశీ భాయ్ ఖర్జూరపు చెట్ల వరుసల మధ్య తోటకూరా, మాకోసం పుంటికూరా, అదే గోంగూరా, పెంచి కట్టలు కట్టలుగా ఇచ్చేవాడు. పొద్దున్నే పరోటా బదులు ఇక్కడివాళ్లు తినే ఫూల్. అంటే ఉడికించిన బాకలా అనే చిక్కుడు గింజలు, నిమ్మకాయ పిండుకుని తింటే మన గుడాలకు, గుగ్గిళ్లకు దగ్గరి చుట్టమే. ఈ నేల మీదే పండే ఎర్రటి హసావీ బియ్యం, దాంట్లోకి చింతపండు చేపల పులుసు. మొదటి ముద్ద పెట్టుకుని మామ నన్ను కొరకొర చూశాడు.

"ఇది కూరనా, కడుగునీళ్లా?"

"తిను మామా. గుండె ఏమంటలేదు, నీ నాలుకనే లొల్లి వెడ్తుంది."

నెమ్మదిగా ఆ నాలుకా లొంగింది. జీలకర్ర, వెల్లుల్లి, పచ్చిమిర్చి బాగా దంచి వేస్తే ఉప్పు తగ్గినట్టే తెలియదని కనిపెట్టింది ఆయనే. కొన్నాళ్లకు నన్ను పక్కకు నెట్టి గరిట లాక్కున్నాడు. మేం మిగతా ముగ్గురమూ లోపలికి పోయిన పొట్టలు తడుముకుని మురిసిపోయాం.

కంపెనీ పంపేస్తుందన్న ఒక్క భయం మాత్రం పోలేదు. సెలవు మీద ఉన్నన్నాళ్లూ మెట్ల మీద చప్పుడు వినబడితే మామ ఉలిక్కిపడేవాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం సైట్ ఇంజనీర్ నిజంగానే తలుపు తట్టాడు. ఆయన ఈజిప్టువాడు, మాతో సగం అరబ్బీ, సగం హిందీ మాట్లాడతాడు. మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంజనీర్ నేల మీద మా పక్కనే కూర్చుని, కంచం అడిగి, చేపల పులుసు రెండోసారి వేయించుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక అన్నాడు, ఆదివారం నుంచి పనిలోకి రమ్మని. టైల్స్ మొయ్యొద్దట, కుర్ర మేస్త్రీలు వేసినవి లెవెల్ చూస్తే చాలట. "మాఫీ ముష్కిల్," ఏం ఇబ్బంది లేదులే అని మామ భుజం తట్టి వెళ్లిపోయాడు.

మామ తలుపు వేసి వచ్చాడు. తర్వాత ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, ఇంతకాలం దాచిన సంగతంతా అత్తకు చెప్పేశాడు. పన్ను, లవంగం, అంబులెన్స్, స్టెంట్, అన్నీ. ఇక అవతల మొదలైంది. అత్త ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. ఆయన తాతముత్తాతలను కూడా వదలకుండా తిట్టింది. మాకే మొహాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, నేను స్పీకర్ ఆపడానికి చెయ్యి చాచాను.

మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, ముఖమంతా నవ్వు.

"తిట్టనియ్యి అల్లుడా. బతికున్నోన్నే గదా తిట్టేది."